చోంగ్‌చింగ్ నడిబొడ్డున జియేఫాంగ్‌బెయ్: వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చైనాలో చోంగ్‌చింగ్ వెళ్తున్నామని తెలిసినవాళ్లెవరు అనుకున్నా నాకు ఫోన్ వస్తుంది. ఆ ఊళ్లో కొన్నాళ్లు ఉన్నాను, జియేఫాంగ్‌బెయ్ మీదుగా రోజూ నడిచేవాణ్ణి. అడిగేవాళ్లు మారుతుంటారు కానీ ప్రశ్నలు ఇంచుమించు అవే. చెప్పిందే చెప్పి విసుగొచ్చి, అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

జియేఫాంగ్‌బెయ్ అంటే స్తూపం పేరా, ఆ పేట పేరా?

మొదట స్తూపం పేరే. 'జియేఫాంగ్' అంటే విముక్తి, 'బెయ్' అంటే శిలాస్తంభం. యాంగ్‌ట్సీ, జియాలింగ్ అనే రెండు నదుల మధ్య నాలుకలా చొచ్చుకుపోయిన కొండనేల మీద యూజోంగ్ అనే జిల్లా ఉంది. ఊరికి పాత గుండెకాయ అదే. దాని మధ్యలో, మూడు వీధులు కలిసేచోట ఈ స్తూపం ఉంటుంది. నాలుగు వైపులా గడియారాలు ఉంటాయి కాబట్టి మన భాషలో గడియార స్తంభం అన్నా తప్పులేదు. పోనుపోను చుట్టూ ఉన్న షాపింగ్ ప్రాంతం మొత్తానికి అదే పేరు స్థిరపడిపోయింది. 1997 చివర్లో ఇక్కడి వీధుల్లోకి వాహనాలు రాకుండా ఆపి, నడిచేవాళ్లకే వదిలేశారు. కాబట్టి టాక్సీ డ్రైవర్‌తో 'జియేఫాంగ్‌బెయ్' అంటే సరిగ్గా స్తూపం ముందు దింపడు, ఆ చుట్టుపక్కల ఎక్కడో దింపి వెళ్లిపోతాడు.

ఫొటోల్లో గంభీరంగా కనిపించింది. తీరా వెళ్తే ఇంత చిన్నదేంటి?

అందరూ అనేదే ఇది. ఎత్తు 27.5 మీటర్లు. అంటే మన ఎనిమిది, తొమ్మిది అంతస్తుల అపార్ట్‌మెంట్ అంత. పక్కనే ఉన్న వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్ 339 మీటర్లు. పన్నెండు స్తూపాలు ఒకదాని మీద ఒకటి పెట్టినా దాన్ని అందుకోలేవు. చుట్టూ వాచీల షాపులు, మాల్స్, గోడంత వీడియో తెరలు. వాటి మధ్య ఈ లేత రంగు ఎనిమిది పలకల స్తంభం, పెళ్లి పందిట్లో మూల కుర్చీలో కూర్చున్న తాతయ్యలా ఉంటుంది.

కట్టిన రోజుల్లో మాత్రం ఊళ్లో ఇదే ఎత్తైనది. చాలా దూరం నుంచి కనిపించేది. కాబట్టి ఎత్తు చూసి అబ్బురపడదామని వెళ్తే నిరాశే. పేరు ఎన్నిసార్లు మారిందో తెలుసుకుని వెళ్తే మాత్రం అరగంట నిలబడి చూడాలనిపిస్తుంది.

పేరు మారిందా? ఆ కథేంటి?

కొంచెం పొడుగు కథ. తొందరలో ఉంటే కింది ప్రశ్నకు వెళ్లిపోండి.

1937లో జపాన్ చైనా మీద పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. తీరం వైపు నగరాలు ఒక్కొక్కటిగా చేజారుతుంటే, ఆ ఏడాది చివర్లో చైనా ప్రభుత్వం రాజధానిని లోపలికి, కొండల మధ్య ఉన్న చోంగ్‌చింగ్‌కు మార్చింది. జపాన్ సైన్యం నేలమీద ఇక్కడిదాకా రాలేకపోయింది. విమానాలు వచ్చాయి. 1938 నుంచి 1943 దాకా ఊరి మీద బాంబులు పడ్డాయి. శీతాకాలంలో దట్టంగా పొగమంచు కమ్మేసేది కాబట్టి ఆ నెలల్లో కాస్త ఊపిరి తీసుకునేవాళ్లు. మంచు విడిపోతే మళ్లీ సైరన్లు మోగేవి.

ఆ రోజుల్లో, 1941 డిసెంబర్ 31న, ఇదే కూడలిలో కర్రతో ఒక బురుజు నిలబెట్టారు. పేరు 'జింగ్‌షెన్ బావొలెయ్', అంటే మనోబలపు కోట. ఎత్తు సరిగ్గా ఏడు జాంగ్‌ల ఏడు ఛీలు, చైనా పాత కొలతల్లో. మన లెక్కలో సుమారు 26 మీటర్లు. ఏడూ ఏడూ ఎందుకంటే యుద్ధం మొదలైంది ఏడో నెల ఏడో తేదీన. పైనున్న విమానాలకు గురి కాకుండా దానికి నల్లరంగు పూశారు. ధైర్యం చెప్పడానికి కట్టినదాన్నే కనపడకుండా దాచాల్సి వచ్చిందన్నమాట. నాకు ఈ కథ మొత్తంలో ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ నల్లరంగే.

కర్ర కట్టడం కదా, ఎక్కువకాలం నిలవలేదు. యుద్ధం గెలిచాక 1946 చివర్లో అదే చోట కాంక్రీటుతో పని మొదలుపెట్టి 1947లో పూర్తిచేశారు. అప్పుడు పెట్టిన పేరు 'ప్రతిఘటన యుద్ధ విజయ స్మారక స్తంభం'. కట్టించింది జియాంగ్ జియేషీ ప్రభుత్వం. మన పాఠ్యపుస్తకాల్లో చాంగ్ కై షేక్ అని చదువుకున్నామే, ఆయనే.

రెండేళ్లు తిరిగేసరికి కథ మారిపోయింది. 1949 నవంబర్ 30న కమ్యూనిస్టు సైన్యం ఊళ్లోకి వచ్చింది. 1950లో స్తంభం మీద పాత అక్షరాలు పోయి 'ప్రజా విముక్తి స్మారక స్తంభం' అన్న కొత్త అక్షరాలు వచ్చాయి. ఆ రాత సేనాని లియూ బోచెంగ్‌ది. మీరు ఇప్పుడు తల ఎత్తి చూసేది అదే. స్తంభాన్ని కూల్చలేదు, పేరు మాత్రం మార్చారు.

చివరి మలుపు 2013లో. జాతీయ స్థాయి రక్షిత కట్టడాల జాబితాలో చేర్చినప్పుడు రెండు పేర్లూ కలిపి రాశారు: విజయ స్తంభం, విముక్తి స్తంభం. అరవై ఏళ్లకు పైగా పక్కన పెట్టిన మొదటి పేరు అలా కాగితం మీదికి తిరిగొచ్చింది.

చుట్టూ వీధుల పేర్లకు కూడా ఏదైనా అర్థం ఉందా?

ఉంది. మిన్‌జూ (జాతి), మిన్‌చువాన్ (ప్రజాధికారం) అనే రెండు వీధులు ఇక్కడ కలుస్తాయి. కాస్త దూరంలో మిన్‌షెంగ్ (ప్రజల బతుకుతెరువు) వీధి ఉంటుంది. మూడూ కలిస్తే చైనా గణతంత్రానికి ఆద్యుడైన సున్ యట్-సెన్ చెప్పిన మూడు ప్రజా సూత్రాలు. పాలన మారినా ఈ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. స్తూపం దగ్గర కలిసే మూడో వీధి జౌ రోంగ్ పేరు మీద ఉంది. ఇతను ఇదే ఊరి కుర్రాడు. అప్పుడు చైనాను ఏలుతున్న చింగ్ రాజవంశాన్ని కూల్చాలంటూ 1903లో ఒక చిన్న పుస్తకం రాసి, షాంఘై జైల్లో 1905లో చనిపోయాడు. అప్పటికి ఇరవై ఏళ్ల ప్రాయం. ఇవాళ ఆ వీధి నిండా ఖరీదైన బ్రాండ్ల అద్దాల షోరూములే.

టికెట్ ఎంత? పైకి ఎక్కనిస్తారా?

టికెట్ లేదు. రాత్రీపగలూ ఎప్పుడైనా వెళ్లొచ్చు. లోపల చుట్లు తిరిగే మెట్లున్నాయి కానీ మామూలు సందర్శకులను పైకి పంపరు. చుట్టూ తిరిగి చూడటమే.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఎలా రావాలి?

జియాంగ్‌బెయ్ ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ 3 నుంచి మెట్రో 10వ లైన్ ఎక్కి, హోంగ్‌తూదీలో 6వ లైన్‌కు మారి, షియావ్‌షిజీలో దిగండి. అక్కడి నుంచి పది, పదిహేను నిమిషాల నడక. హోంగ్‌తూదీలో లైన్ మారేటప్పుడు ఎస్కలేటర్లు ఎక్కుతూనే ఉంటారు, కంగారు పడకండి. ఆ స్టేషన్ భూమిలోపల తొంభై మీటర్ల పైచిలుకు లోతులో ఉంది. 6వ లైన్ రైలు జియాలింగ్ నదిని చియన్‌సిమెన్ వంతెన మీద దాటుతుంది. ఆ కొద్దిసేపు ఫోన్ జేబులో పెట్టి కిటికీలోంచి చూడండి.

ఊళ్లోనే ఉంటే 2వ లైన్‌లో లిన్‌జియాంగ్‌మెన్ అన్నిటికంటే దగ్గర. 1, 2 లైన్లు కలిసే జియావ్‌చాంగ్‌కౌ కూడా దగ్గరే.

మ్యాప్‌లో చుక్క మీదే నిలబడ్డాను, కానీ అక్కడేమీ లేదు. ఏం చేయాలి?

తల పైకెత్తండి. లేదా కిందికి చూడండి. చోంగ్‌చింగ్‌లో మ్యాప్ అబద్ధం చెప్పదు, సగం నిజం చెప్తుంది. ఏ అంతస్తు అన్నది చెప్పదు.

నేను వెళ్లిన మొదటి వారం ఒక స్నేహితుణ్ణి హోంగ్‌యాదోంగ్ గుమ్మం దగ్గర కలుద్దామన్నాను. అది కొండ అంచుకు ఆనించి కట్టిన పదకొండు అంతస్తుల కట్టడం. 1వ అంతస్తు నది ఒడ్డున రోడ్డులోకి తెరుచుకుంటుంది, 11వ అంతస్తు పైన ఇంకో రోడ్డులోకి. రెండూ 'గుమ్మాలే'. ఇద్దరం ఒకే చుక్క మీద నిలబడి, "నేను ఇక్కడే ఉన్నా, నువ్వే కనపడట్లేదు" అని పావుగంట సేపు ఫోన్‌లో పోట్లాడుకున్నాం. ఆఖరికి ఒక ముసలాయన నా ఫోన్ చూసి, నవ్వి, వేలు పైకి చూపించాడు.

అందుకే ఎవరినైనా కలవాలంటే స్తూపం దగ్గరే అనుకోండి. దానికి ఒకటే నేల.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

రోజులో రెండుసార్లు వెళ్లమంటాను. పొద్దున్నే ఏడు, ఎనిమిది మధ్య ఒకసారి. షాపులు తెరవరు, నేల కడుగుతుంటారు, స్తూపం ఒక్కటే ఉంటుంది. అప్పుడే దాని ఎత్తు మీకు తెలుస్తుంది. చీకటి పడ్డాక ఇంకోసారి, లైట్ల కోసం. మధ్యాహ్నం మానేయండి.

ఏడాదిలో అయితే మార్చి, ఏప్రిల్, లేదంటే అక్టోబర్ మధ్య నుంచి నవంబర్. జులై, ఆగస్టు మనకే కష్టంగా ఉంటుంది, మామూలుగానే 40 డిగ్రీలు దాటుతుంది. 2022 ఆగస్టులో ఇదే మహానగర పరిధిలోని బెయ్‌బెయ్‌లో 45 డిగ్రీలు నమోదైంది. రెంటచింతల ఎండ చూసినవాళ్లకు అంకె కొత్త కాదు కానీ, నదుల తేమతో కలిసిన ఉక్కపోత వేరే రకం. శీతాకాలంలో చలి పెద్దగా ఉండదు, సూర్యుడు మాత్రం రోజుల తరబడి కనపడడు.

మే 1 సెలవులు, అక్టోబర్ మొదటి వారం అసలు వద్దు. జనం ఎంతగా వస్తారంటే చియన్‌సిమెన్ వంతెన మీద వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకు ఇచ్చేసిన సందర్భాలున్నాయి. డిసెంబర్ 31 రాత్రి కూడా ఇక్కడికి జనం పోటెత్తుతారు. పోలీసులు దారులు మూసేస్తారు, దగ్గరి మెట్రో స్టేషన్లలో రైళ్లు ఆగవు. పిల్లలతో అయితే ఆ రాత్రి హోటల్ కిటికీ చాలు.

వీసా సంగతి?

భారతీయ పాస్‌పోర్ట్ ఉంటే ముందే వీసా తీసుకోవాలి. హైదరాబాద్‌లో చైనా కాన్సులేట్ లేదు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా ద్వారా పని జరుగుతుంది, కాబట్టి టైమ్ చూసుకుని మొదలుపెట్టండి. హైదరాబాద్ నుంచి హాంకాంగ్, బ్యాంకాక్, సింగపూర్ లాంటి చోట్ల విమానం మారి వెళ్లడం మామూలు.

అమెరికా పాస్‌పోర్ట్ ఉన్న మనవాళ్లకు ఇంకో దారి ఉంది. ఒక దేశం నుంచి వచ్చి మరో దేశానికి వెళ్తూ మధ్యలో ఆగితే 240 గంటల వరకు వీసా లేకుండా ఉండనిస్తారు, చోంగ్‌చింగ్ ఎయిర్‌పోర్ట్‌లో ఈ వీలుంది. వచ్చిన దేశానికే తిరిగి వెళ్లకూడదు అన్నది షరతు. ఇంట్లో ఒకరిది అమెరికా పాస్‌పోర్ట్, ఇంకొకరిది మనదీ అయితే ఇద్దరికీ ఒకే రూల్ అనుకుని టికెట్లు కొనేయకండి. భారత్ ఆ జాబితాలో లేదు. రూల్స్ మారుతుంటాయి, బయల్దేరే ముందు మళ్లీ ఒకసారి చూసుకోండి.

డబ్బు, ఫోన్?

అక్కడ ఫోన్‌తో డబ్బు కట్టే యాప్‌లు అలీపే, వీచాట్. రెండూ ఇంటి దగ్గరే ఫోన్‌లో వేసుకుని, వీసా కార్డు లేదా మాస్టర్‌కార్డ్ జతచేసి పెట్టుకోండి. 200 యువాన్ల లోపు చెల్లింపులకు అదనపు రుసుము లేదు, దాటితే 3 శాతం పడుతుంది. రెండు వందలు దాటిన నూడుల్స్ బిల్లు నేను ఎన్నడూ చూడలేదు కాబట్టి తిండికి బెంగలేదు. కాస్త నగదు కూడా ఉంచుకోండి.

అక్కడి సిమ్‌తో, హోటల్ వైఫైతో గూగుల్, వాట్సాప్ పనిచేయవు. మన రోమింగ్ ప్యాక్ లేదా విదేశీ ఈ-సిమ్ అయితే పనిచేస్తాయి. ఇంట్లో వాళ్లకు ఈ ముక్క ముందే చెప్పి వెళ్లండి, లేకపోతే రెండు రోజులు మెసేజ్ రాకపోయేసరికి అక్కడ వాళ్లకు టెన్షన్.

తిండి ఎలా? శాకాహారులం. బీఫ్ తినం.

ఇది జాగ్రత్తగా చదవండి. చోంగ్‌చింగ్ పేరు చెప్పగానే హాట్‌పాట్, అంటే బల్ల మీదే మరిగే చారులో ఎవరికి కావలసినవి వాళ్లు ఉడికించుకుని తినడం. చోంగ్‌చింగ్ హాట్‌పాట్ అసలు రుచి వచ్చేది గొడ్డు కొవ్వుతోనే. బల్ల మీదికి గిన్నె వచ్చినప్పుడు గమనించండి: ఎండుమిరపకాయలు పొదిగిన ఎర్రటి గడ్డ ఒకటి, సబ్బు బిళ్లలా, మధ్యలో ఉంటుంది. మంట పెట్టగానే అంచుల నుంచి కరగడం మొదలవుతుంది. అదే ఆ కొవ్వు. దాని పేరు 'నియూయూ'. కూరగాయలే వేసుకున్నా అవి ఉడికేది అందులోనే. మనవాళ్లు చాలామంది "మేము ఆకుకూరలే తిన్నాం" అని సంతోషంగా చెప్తుంటే నేను ఏమీ అనలేక ఊరుకుంటాను.

ఉపాయం: 'చింగ్‌యూ' అని అడగండి, అంటే వంటనూనె. చాలాచోట్ల ఇస్తారు. పుట్టగొడుగుల చారు పెట్టే చోట్లు కూడా ఉంటాయి, ఎముకల రసం లేదు కదా అని అడగాలి. మాట పలకడం మీద నమ్మకం పెట్టుకోకుండా, 'మాంసం, గుడ్డు, జంతు కొవ్వు తినను' అని చైనీస్‌లో ఫోన్‌లో రాసి పెట్టుకుని చూపించండి. పొద్దున్న అందరూ తినే 'షియావ్‌మియెన్' నూడుల్స్‌లో పంది కొవ్వు ఒక చెంచా వేయడం మామూలే.

స్తూపానికి రెండు నిమిషాల దూరంలో బాయీ వీధి ఉంది, చిరుతిళ్ల వీధి. అక్కడ 'సువాన్‌లాఫెన్' దొరుకుతుంది: చిలగడదుంప పిండితో చేసిన జారుడు నూడుల్స్, వెనిగర్ పులుపు, మిరప నూనె, పైన పల్లీలు. కూర్చునే చోటు ఉండదు. కాగితం గిన్నె పట్టుకుని గోడవారన నిలబడి, చొక్కా మీద పడకుండా ముందుకు వంగి అందరూ జుర్రుకుంటుంటారు. పైన చల్లే ఖైమా వద్దని ముందే చెప్పాలి. ఏ అనుమానమూ లేకుండా తినగలిగింది 'బింగ్‌ఫెన్': వణుకుతుండే చల్లటి జెల్లీ మీద బెల్లం పాకం లాంటిది పోసి ఇస్తారు.

ఇక కారం గురించి. గుంటూరు వాళ్లం, మాకేం కాదు అంటారు. మిరపకారం వరకూ నిజమే. కానీ అక్కడి 'మాలా'లో 'లా' కారం అయితే, 'మా' అంటే తిమ్మిరి. సిచువాన్ మిరియం కొరికితే నాలుక, పెదాలు పంటి డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చినట్టు మొద్దుబారతాయి. దానికి మన దగ్గర అలవాటు లేదు. పెరుగు కూడా వెంట ఉండదు మరి.

షాపింగ్ చేయొచ్చా?

చూడటానికి బాగుంటుంది. బ్రాండ్లు అన్నిచోట్లా ఉండేవే, ధరలు మనకంటే తక్కువేమీ కాదు. కొనాలనిపిస్తే మసాలాలు కొనండి. హాట్‌పాట్ ప్యాకెట్ మీద నూనె ఏదో చూసి మరీ.

అమ్మానాన్నలతో వెళ్తున్నాం, మోకాళ్ల నొప్పులు. నడవగలరా?

స్తూపం చుట్టూ నేల చదునుగా ఉంటుంది, కూర్చోడానికి చోట్లుంటాయి. అక్కడి వరకూ ఇబ్బంది లేదు. నాలుగడుగులు అవతలికి వెళ్తే మెట్లు మొదలు. ఎటు వెళ్లాలన్నా ముందు లిఫ్ట్, ఎస్కలేటర్ ఎక్కడుందో అడగండి, ఈ ఊళ్లో మాల్ లిఫ్టే సగం దారి. హోంగ్‌యాదోంగ్‌కు పై రోడ్డు నుంచి వెళ్లి, లిఫ్ట్‌లో దిగి, కింద టాక్సీ ఎక్కేయండి.

ఒకప్పుడు ఈ మెట్ల మీద బరువులు మోయడానికి 'బాంగ్‌బాంగ్' అనే కూలీలు వేల మంది ఉండేవారు. భుజం మీద వెదురు బద్ద, రెండు వైపులా తాళ్లు. మన కావడే. ఇప్పుడు తగ్గిపోయారు. బట్టల మూటలతో ఎక్కుతున్న నడివయసు మనిషి ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాడు.

దగ్గర్లో ఇంకేం చూడొచ్చు?

హోంగ్‌యాదోంగ్ ఎలాగూ వెళ్తారు. లోపల తిరగడం కంటే చియన్‌సిమెన్ వంతెన మీద నుంచి చూడటం మేలు, రాత్రి పది దాటితే లైట్లు ఎప్పుడైనా ఆర్పేయొచ్చు. లిన్‌జియాంగ్‌మెన్ పక్కన క్వెయ్‌షింగ్‌లౌ అనే చోట మామూలు రోడ్డు మీంచి మామూలు చౌక్‌లోకి నడుస్తారు. రెంటికీ మధ్య ఉన్న వంతెన మీద ఆగి కిందికి తొంగి చూస్తే ఇరవై అంతస్తుల కింద ఇంకో రోడ్డు. యాంగ్‌ట్సీ మీద 1987 నాటి కేబుల్ కార్ ఉంది, 1,166 మీటర్ల పొడవు. ఒకవైపు 20 యువాన్లు, సాయంత్రం క్యూ మాత్రం గంటల్లో ఉంటుంది.

నా ఓటు మాత్రం షియావ్‌షిజీ దగ్గరున్న లువోహాన్ గుడికి. సోంగ్ రాజవంశ కాలంలో, అంటే దాదాపు వెయ్యేళ్ల కిందట మొదలైన బౌద్ధాలయం. ఇప్పుడు చుట్టూ ఆకాశహర్మ్యాలు, మధ్యలో బావి అడుగున ఉన్నట్టు ఉంటుంది. పేరు మనకు దూరమేమీ కాదు: సంస్కృతం 'అర్హత్' (నిర్వాణం పొందిన బౌద్ధ సాధువు) చైనాకు వెళ్లి 'అలువోహాన్' అయింది, ముందున్న 'అ' రాలిపోయి 'లువోహాన్'గా మిగిలింది. లోపల అర్హతుల విగ్రహాలు వరసలు వరసలుగా ఉంటాయి, ఒకరి ముఖం ఒకరికి కలవదు.

జూన్ మొదటి వారంలో అక్కడ ఉన్నాం. ఊరంతా సైరన్లు మోగాయి. ఏమైంది?

ఏమీ కాలేదు. జూన్ 5 అయి ఉంటుంది. 1941లో ఆ రాత్రి విమానాల దాడి గంటల తరబడి సాగింది. జియావ్‌చాంగ్‌కౌ దగ్గర సొరంగంలో దాక్కున్న జనం గాలి ఆడక, తొక్కిసలాటలో చనిపోయారు. ఎంతమంది అన్నదానిపై లెక్కలు కలవవు, తక్కువ అంచనాలే వందల్లో ఉన్నాయి. ఏటా ఆ రోజున సైరన్లు మోగిస్తారు. స్తూపం నుంచి పది నిమిషాల నడకలో ఆ చోట చిన్న స్మారకం ఉంది. షాపుల మధ్య చూసుకోకుండా దాటిపోయేంత చిన్నది.

మన దేశానికీ ఈ ఊరికీ ఏమైనా సంబంధం ఉందా?

నెహ్రూ 1939 ఆగస్టులో ఇక్కడికి వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవడంతో యాత్ర మధ్యలోనే వెనక్కి వెళ్లారు. మనకు ఇంకా దగ్గరివారు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసి, అప్పటికి కాశీలో ఉన్నారు. చైనా ప్రభుత్వం పిలిస్తే 1944 మేలో వచ్చి ఉపన్యాసాలిచ్చారు. ఆయన వచ్చేనాటికి ఈ కాంక్రీటు స్తంభం ఇంకా లేదు.

మాకు గంటే టైమ్ ఉంది. ఏం చేయమంటారు?

లిన్‌జియాంగ్‌మెన్‌లో దిగండి. స్తూపం చుట్టూ ఒక్కసారి పూర్తిగా తిరగండి, ఎనిమిది పలకలూ లెక్కపెట్టండి. సెల్ఫీ తీసుకునేటప్పుడు ఫోన్ నేలకు దగ్గరగా పట్టుకోండి, లేకపోతే వెనక టవర్లే వస్తాయి. తర్వాత బాయీ వీధిలో ఒక బింగ్‌ఫెన్ తినండి. మెట్రోకు తిరిగి వెళ్లేటప్పుడు, వచ్చిన గేటులోంచే దిగండి. ఇంకో గేటు అంటే ఇంకో అంతస్తు.